డబ్బా మీద 46 చూసి పోసిన ఆయిల్: మిర్యాలగూడ రైస్ మిల్లులో ఒక స్క్రూ కంప్రెసర్ కేసు

మే నెల రెండో వారం, మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ వచ్చింది. మిర్యాలగూడ శివార్లలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. వాళ్ల 30 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్ (రెండు స్క్రూ రోటార్లతో గాలిని నొక్కే మిషన్) మూడు రోజులుగా ఎండ ముదరగానే వేడెక్కి ట్రిప్ అవుతోంది. యాసంగి వడ్ల లారీలు గేటు బయట వరుస కట్టిన రోజులవి. కంప్రెసర్ ఆగితే సార్టెక్స్, అంటే చెడ్డ గింజలు ఏరే మిషన్, ఆగుతుంది. సార్టెక్స్ ఆగితే బియ్యం బస్తాల్లోకి వెళ్లవు. ఓనరు గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

నేను 18 ఏళ్లుగా కంప్రెసర్ల సర్వీసింగ్ చేస్తున్నాను. ఆయిల్ గురించి నన్ను అడిగేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ నంబరు పోయాలి?" ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఎందుకు చెప్పలేమో ఈ మిల్లులో జరిగింది చూస్తే అర్థమవుతుంది. అందుకే ఈ కేసును మొదటి నుంచి, నా తప్పుతో సహా, రాస్తున్నాను.

మిల్లు సంగతి తెలియనివాళ్లకు ముందుగా ఒక మాట. కలర్ సార్టర్‌ను మిల్లుల్లో అందరూ సార్టెక్స్ అనే పిలుస్తారు. బియ్యం సన్నటి ధారలుగా జారుతుంటే కెమెరాలు నల్ల గింజను, పసుపు గింజను పట్టుకుంటాయి. వెంటనే ఆ గింజకు ఎదురుగా ఉన్న ఎజెక్టర్ వాల్వ్ రెప్పపాటు కంటే తక్కువ సేపు తెరుచుకుని, గాలి దెబ్బతో దాన్ని పక్కకు కొడుతుంది. అలాంటి వాల్వులు ఒక్కో మిషన్‌లో వందల్లో ఉంటాయి. ఆ గాలిలో ఆయిల్ తుంపర కలిసిందంటే, తౌడు ధూళితో చేరి జిగురవుతుంది. వాల్వ్ ఒక్క క్షణం ఆలస్యంగా తెరుచుకున్నా చెడ్డ గింజ మంచి బియ్యంలోకి పోతుంది, మంచి గింజ రిజెక్షన్‌లో పడుతుంది. ఈ మిల్లులో రెండూ జరుగుతున్నాయి. రిజెక్షన్ ఎక్కువ వస్తోందని సార్టెక్స్ మెకానిక్‌ను అప్పటికే రెండుసార్లు పిలిపించారు. అతను రెండుసార్లూ ఎజెక్టర్లు కడిగి, "గాలిలో ఆయిల్ వస్తోంది, కంప్రెసర్ చూపించుకోండి" అని చెప్పి వెళ్లాడు.

నేను వెళ్లేసరికి సాయంత్రం నాలుగున్నర. ప్యానెల్ మీద 104 డిగ్రీలు. 110 దగ్గర ట్రిప్ సెట్ చేసి ఉంది. ఆయిల్ మట్టం చూసే సైట్ గ్లాస్‌లో ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. మూత తీసి వాసన చూస్తే మాడిన వాసన. ఆయిల్ కూలర్ రెక్కల మధ్య ఊక ధూళి, దానికి తోడు ఆయిల్ తడి కలిసి, పిడక అంటించినట్టు ఉంది. గాలి నుంచి ఆయిల్‌ను వేరుచేసే సెపరేటర్ ముందు, వెనక ఒత్తిడిలో తేడా ఒక బార్. రిసీవర్ ట్యాంక్ డ్రెయిన్ కాక్ తిప్పితే నీళ్లతో పాటు పాలలాంటి ఆయిల్ వచ్చింది.

ఫిట్టర్ కుర్రవాడు పనిమంతుడు. దాచకుండా చెప్పాడు. మొదటి మూడేళ్లు సర్వీస్ కాంట్రాక్టు ఉన్నప్పుడు కంపెనీ వాళ్లే వచ్చి ఆయిల్ మార్చేవారు. కాంట్రాక్టు అయిపోయాక, ఆరేడు నెలలుగా ఆయిల్ తగ్గినప్పుడల్లా లోడర్ కోసం తెచ్చిన హైడ్రాలిక్ ఆయిల్ బకెట్ నుంచి పోస్తున్నాడు.

"పాత డబ్బా మీద 46 ఉండె సార్. బకెట్ మీద గూడ 46 ఉంది. 46 అంటే 46ఏ గద సార్?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అంకె నిజంగా ఒకటే. 20 లీటర్ల బకెట్‌లో అడుగున రెండు మూడు లీటర్లు మాత్రమే మిగిలాయి. కంప్రెసర్‌లో పట్టే ఆయిల్ 14 లీటర్లు. అంటే లోపల ఉన్నదాన్ని ఇంక కంప్రెసర్ ఆయిల్ అనలేం.

46 చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

ఐఎస్ఓ వీజీ 46 అంటే 40 డిగ్రీల వేడి దగ్గర ఆ ఆయిల్ చిక్కదనం 46 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్), అటూ ఇటూ పది శాతం. అంతే. అది నూనెను దేనితో తయారుచేశారో చెప్పదు, అందులో ఏ మందులు కలిపారో చెప్పదు, వేడిలో ఎంతకాలం నిలుస్తుందో చెప్పదు, నీళ్లు కలిస్తే విడిపోతుందో లేదో చెప్పదు. మనిషి ఎత్తు చెప్పినంత మాత్రాన అతను ఏం పని చేయగలడో తెలియదు కదా.

హైడ్రాలిక్ ఆయిల్ చెడ్డది కాదు. లోడర్‌లో అది మూసి ఉన్న గొట్టాల్లో, చాలావరకు గాలి తగలకుండా, 60-70 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. అరుగుదల ఆపడానికి అందులో సాధారణంగా జింక్ ఆధారిత మందు కలుపుతారు. స్క్రూ కంప్రెసర్‌లో పని వేరు. ఇక్కడ ఆయిల్‌ను ఎయిర్ ఎండ్ (గాలిని నొక్కే రోటార్లు ఉండే భాగం) లోపలికి, నేరుగా రోటార్ల మీదికి చిమ్ముతారు. అది బేరింగులకు తడి ఇవ్వాలి, రెండు రోటార్ల మధ్య సందును మూసి గాలి వెనక్కి రాకుండా ఆపాలి, గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడిని మోసుకుపోవాలి. తర్వాత ట్యాంక్‌లో గాలి నుంచి విడిపోయి, కూలర్‌లో చల్లబడి, మళ్లీ లోపలికి పోవాలి. ఉన్న ఆయిల్ మొత్తం నిమిషానికి ఒకటి రెండుసార్లు ఈ చుట్టు తిరుగుతుంది. ప్రతి చుట్టులో సన్నటి తుంపరగా మారి, వేడి గాలిలో, ఒత్తిడిలో నలుగుతుంది. నూనెను పాడుచేయడానికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి: వేడి, ఆక్సిజన్, తేమ, ఇనుము రాగి రేణువులు.

వేడి విషయంలో మా పనిలో అందరూ వాడే లెక్క ఒకటుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఆయిల్ ఆయుష్షు దాదాపు సగం అవుతుంది. 90 దగ్గర 2000 గంటలు నిలిచే మినరల్ ఆయిల్ (ముడి చమురు నుంచి తీసినది) 100 దగ్గర 1000 గంటలే నిలుస్తుంది. 110 దగ్గర 500. ఇక కంప్రెసర్ కోసం తయారుకాని ఆయిల్ అయితే ఆ మొదటి 2000 కూడా ఉండవు. అది ఆక్సీకరణ చెంది వార్నిష్ అవుతుంది. వంటింట్లో ఆయిల్ డబ్బా చుట్టూ పేరుకునే పసుపు జిడ్డు గుర్తుందా, గోరుతో గీకినా రానిది? కంప్రెసర్ లోపల అదే, ఇంకా గట్టిగా.

ఆ రాత్రి నేను చేసిన తప్పు

ఆ రోజు రాత్రి పదింటిదాకా పని చేశాం. కూలర్‌ను గాలితో, తర్వాత డీగ్రీజర్ నీళ్లతో కడిగాం. ఉన్న ఆయిల్ దించి, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, సెపరేటర్ మార్చి, నా బండిలో ఉన్న సింథటిక్ (రసాయనికంగా తయారుచేసిన) కంప్రెసర్ ఆయిల్ 46 పోశాం. దించిన ఆయిల్‌లోంచి రెండు సీసాలు పక్కన పెట్టుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం బయట 44 డిగ్రీల ఎండలో కూడా ప్యానెల్ 92 దాటలేదు. ఓనరు సంతోషించాడు. నేనూ పని అయిపోయిందనుకుని వచ్చేశాను.

పద్నాలుగు రోజులకు, సుమారు 280 గంటలు నడిచాక, మళ్లీ ఫోన్. ఆయిల్ ఫిల్టర్ బ్లాక్ అయినట్టు అలారం. కొత్త ఆయిల్ అప్పుడే నల్లబడింది. గాలిలో ఆయిల్ కొంత తగ్గింది కానీ పోలేదు. రోజుకు పావు లీటరు ఇంకా పోయాల్సి వస్తోంది.

పాత జిడ్డు కడగకుండా కొత్త ఆయిల్ పోయడమే నా తప్పు. కొన్ని రకాల సింథటిక్ ఆయిల్‌కు పేరుకున్న వార్నిష్‌ను కొంత కరిగించే గుణం ఉంటుంది. అది మంచి గుణమే, కానీ కరిగినదంతా ఎక్కడికో పోవాలి కదా. ఫిల్టర్‌లోకి వచ్చి పడింది. పైగా ట్యాంక్ డ్రెయిన్ ఒక్కటి తెరిస్తే ఆయిల్ మొత్తం దిగదు. కూలర్‌లో, గొట్టాల్లో, ఎయిర్ ఎండ్‌లో చాలా మిగిలిపోతుంది. నేను పోసిన కొత్త ఆయిల్‌లో మొదటి గంట నుంచే పాతది కలిసి ఉంది. సీజన్‌లో మిషన్ ఒక్క పూట కూడా ఆపనివ్వరని నేను తొందరపడ్డాను. ఆ తొందర వల్ల మిల్లు ఇంకో రోజు ఆగింది, 14 లీటర్ల మంచి ఆయిల్ వృథా అయింది. ఆ ఆయిల్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఈలోగా హైదరాబాద్ ల్యాబ్ నుంచి పాత ఆయిల్ రిపోర్టు వచ్చింది. 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 58.9. 46 గ్రేడ్‌కు పై హద్దు 50.6 అని గుర్తుంచుకోండి. ఆమ్లత్వం 2.6. రెండు దాటితే ఆ ఆయిల్‌ను ఉంచకూడదని నేను పాటించే లెక్క. జింక్ బాగానే ఉంది, అంటే హైడ్రాలిక్ ఆయిల్ వాటా ఎక్కువ. రాగి కూడా కనిపించింది. చిక్కబడటం, పులవడం, రెండూ ఆక్సీకరణకు గుర్తులు.

ఈసారి అన్నీ విప్పాం. అసలు సంగతి స్కావెంజ్ లైన్‌లో దొరికింది. సెపరేటర్ లోపల అడుగున చేరిన ఆయిల్‌ను ఎయిర్ ఎండ్‌కు తిరిగి తెచ్చే సన్నటి గొట్టం అది. దానిలో ఒక చిన్న రంధ్రం ఉన్న పీస్ ఉంటుంది, రంధ్రం బలపం ముక్క కంటే సన్నం. అది వార్నిష్‌తో పూర్తిగా మూసుకుపోయింది. సూది గుచ్చి చూపిస్తే ఫిట్టర్ నమ్మలేకపోయాడు.

అక్కడ గొలుసు మొత్తం కళ్లకు కట్టింది. కంప్రెసర్‌కు సరిపడని ఆయిల్ పోశారు. అది వేడికి జిడ్డయింది. జిడ్డు స్కావెంజ్ రంధ్రాన్ని మూసింది. సెపరేటర్‌లో చేరిన ఆయిల్‌కు వెనక్కి పోయే దారి లేక గాలితో బయటికి పోయింది. అది సార్టెక్స్ ఎజెక్టర్లను పట్టేసింది, లెవెల్ తగ్గింది. తగ్గిందని మళ్లీ అదే బకెట్ నుంచి పోశారు. ఎంత పోస్తే అంత జిడ్డు, ఎంత జిడ్డయితే అంత ఆయిల్ బయటికి. నేను మొదటి రాత్రి సెపరేటర్ మార్చాను కానీ ఈ వేలెడు గొట్టాన్ని విప్పలేదు.

ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే, ప్రెజర్ పూర్తిగా వదిలాక, ట్యాంక్ నుంచి, కూలర్ నుంచి, ఎయిర్ ఎండ్ నుంచి, ఆయిల్‌ను కూలర్ వైపు మళ్లించే థర్మల్ వాల్వ్ దగ్గర నుంచి విడివిడిగా దించాం. తక్కువ ధర మినరల్ కంప్రెసర్ ఆయిల్‌లో వార్నిష్ క్లీనర్‌ను తయారీదారు చెప్పిన మోతాదులో కలిపి రెండు రోజులు నడిపాం. మళ్లీ దించాం. వచ్చింది తారులా ఉంది. ఇంకోసారి ఉత్త మినరల్ ఆయిల్‌తో ఒక రోజు నడిపి దించాం. అప్పుడు గానీ కాస్త తేట ఆయిల్ రాలేదు.

నాలుగు డబ్బాలు

ఇప్పుడు ఏ ఆయిల్ పోయాలి? ఓనరు ఆఫీసులో బల్ల మీద నాలుగు డబ్బాలు పెట్టి మాట్లాడుకున్నాం: మినరల్ 46, మినరల్ 68, పీఏఓ (పాలీఆల్ఫాఓలెఫిన్) రకం సింథటిక్ 46, పాలీగ్లైకాల్ రకం సింథటిక్ 46.

ఓనరుకు 68 మీద మనసుంది. "ఎండాకాలం మా దగ్గర 45 పోతది. వేడికి ఆయిల్ పల్చబడతది గద, కొంచెం చిక్కటిది పోస్తే మంచిది కాదా?" ఆయన ఆలోచనలో న్యాయం ఉంది. చాలా వేడి ప్రదేశాల్లో 68 వాడమని కొన్ని కంపెనీలే చెబుతాయి. కానీ డేటా షీట్‌లో 100 డిగ్రీల దగ్గరి అంకె కూడా చూడాలి. అక్కడ మామూలు మినరల్ 46 చిక్కదనం 6.8 దగ్గర ఉంటుంది. మినరల్ 68 సుమారు 8.7. పీఏఓ 46 అదే వేడిలో 7.8 దగ్గర ఉంటుంది. వేడికి తక్కువ పల్చబడటం సింథటిక్ స్వభావం. అంటే మే మధ్యాహ్నం అది 68కి దగ్గరగా పనిచేస్తుంది, జనవరి తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు 46లాగే సులువుగా పారుతుంది. చిక్కటి ఆయిల్ వేస్తే కరెంటు కొంచెం ఎక్కువ లాగుతుంది, కూలర్‌లో నెమ్మదిగా కదులుతుంది. పైగా ఇక్కడ వేడికి కారణం ఆయిల్ పల్చబడటం కాదు, కూలర్ మూసుకుపోవడం. కూలర్ కడిగిన మర్నాడే 104 నుంచి 92కి దిగింది. ధూళిని నంబరుతో కప్పిపుచ్చకూడదు.

మినరల్ 46 చవక. నేను కొనే ధరల్లో సింథటిక్ దానికి మూడు రెట్లు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 8000 గంటల లెక్క వేసి చూపించాను. మినరల్ 2000 గంటలకోసారి అనుకుంటే నాలుగు సార్లు, 56 లీటర్లు. సింథటిక్ ఒక్కసారి, 14 లీటర్లు, అంటే మినరల్ ధరలో 42 లీటర్ల ఖర్చు. అప్పటికే సింథటిక్ చవక. ఆయిల్ మార్చడానికి సీజన్‌లో మిషన్ ఆపే పూటల లెక్క వేరే. అయితే ఇంకో మాట కూడా అప్పుడే చెప్పాను: ఊక ధూళి ఉన్న మిల్లులో 8000 గంటలు డబ్బా మీద రాసి ఉంది కదా అని నడపొద్దు. 4000 దగ్గర ఆగి పరీక్ష చేయించి, ఆ తర్వాత నిర్ణయిద్దాం.

పాలీగ్లైకాల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. అది గొప్ప ఆయిల్. వార్నిష్ దాదాపు చేయదు, వేడిని బాగా తీసుకుపోతుంది. మొదటి నుంచి అదే వాడుతున్న కంప్రెసర్‌లో నేను దాన్ని మార్చమని ఎప్పుడూ చెప్పను. కానీ మినరల్ ఆయిల్‌తో కలిస్తే చాలా రకాలు పెరుగు గడ్డలా ముద్దవుతాయి. ముద్ద సన్నటి దారుల్లో ఇరుక్కుంటే ఎయిర్ ఎండ్ పోతుంది, అది మొత్తం కంప్రెసర్‌లోనే ఖరీదైన భాగం. ఇక్కడ ఎంత కడిగినా మూలల్లో మినరల్ ఆయిల్ మిగిలే ఉంటుంది. రాత్రి రెండింటికి లెవెల్ తగ్గితే ఫిట్టర్ ఏం పోస్తాడన్నది కూడా నేను ఆలోచిస్తాను. మిర్యాలగూడలో ఆ రాత్రి దొరకని ఆయిల్ ఎంత గొప్పదైనా ఈ మిల్లుకు సరైనది కాదు.

మరి మొదటి మూడేళ్లు కంపెనీ వాళ్లు పోసింది ఏ రకం? డబ్బాలు లేవు, ట్యాంక్ మీది స్టిక్కర్ ఊడిపోయింది. ఇలాంటప్పుడు నేను చేసేది సులువైన పని. పాత ఆయిల్ చుక్క నీళ్లలో వేస్తాను. మినరల్, పీఏఓ రకాలు నీటికంటే బాగా తేలిక, శుభ్రంగా తేలతాయి. గ్లైకాల్ రకాల బరువు నీటికి దగ్గరగా ఉంటుంది, మునుగుతాయి లేదా తేలీతేలనట్టు ఉంటాయి. తర్వాత పాతది, కొత్తది సగం సగం గాజు సీసాలో పోసి బాగా కలిపి, వేడినీళ్ల గిన్నెలో ఉంచి, మర్నాడు చూస్తాను. మబ్బు పట్టినా, అడుగున ముద్ద కనిపించినా ఆ జత వద్దు. ఇది ల్యాబ్ పరీక్షకు సాటి కాదు, కానీ పెద్ద ప్రమాదాన్ని ముందే చూపిస్తుంది. మా సీసా తేటగా ఉంది.

చివరికి పీఏఓ 46 మీద నిలబడ్డాం. అందులోనూ ఆహార యంత్రాలకు వాడే హెచ్1 రిజిస్ట్రేషన్ ఉన్నది ఎంచాను. ఓనరు ధర చూసి కాస్త వెనకాడాడు. సార్టెక్స్ గాలి ఎక్కువగా రిజెక్ట్ గింజలనే కొడుతుంది నిజమే, కానీ ఆ గాలి ఆ పెట్టెలోనే తిరుగుతుంది. మనం తినే అన్నం మీద పడే తుంపర ఏదైనా అది తెలిసిన నూనె అయి ఉండాలి. అయితే హెచ్1 అంటే తినొచ్చని కాదు. పొరపాటున తగిలేదానికి కూడా హద్దుంది, ఆహారంలో 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో 10 వంతులు). కాబట్టి హెచ్1 పోశాం కదా అని గాలి ఫిల్టర్లు వదిలేయకూడదు. గాలిలో తేమ తీసే డ్రయ్యర్ తర్వాత, ఆయిల్ తుంపరను పట్టే ఫైన్ కోలెసింగ్ ఫిల్టర్ కొత్తది వేయించాను. సెపరేటర్ బాగుండి, స్కావెంజ్ లైన్ తెరిచి ఉంటే గాలిలో ఆయిల్ రెండు మూడు పీపీఎం దగ్గర ఉంటుంది. మిగతాది ఆ ఫిల్టర్ పట్టుకుంటుంది.

వారంటీలోనో కాంట్రాక్టులోనో ఉన్న మిషన్ అయితే ఈ చర్చంతా అవసరం లేదు. కంపెనీ చెప్పిన ఆయిలే పోయండి. నేనూ అదే చెబుతాను.

పక్క షెడ్‌లో పిస్టన్ కంప్రెసర్

వెళ్తూ వెళ్తూ బాయిలర్ పక్కనున్న 10 హెచ్‌పీ రెండు స్టేజీల పిస్టన్ కంప్రెసర్ కూడా చూశాను. దానిలో లారీ ఇంజన్ ఆయిల్ 20డబ్ల్యూ-40 పోస్తున్నారు. ఇక్కడ చిత్రమేమిటంటే చిక్కదనం దాదాపు సరిపోతుంది. పిస్టన్ కంప్రెసర్‌కు సాధారణంగా 100 గానీ 150 గానీ అడుగుతారు, ఇంజన్ ఆయిల్ ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. సమస్య అందులో కలిపిన డిటర్జెంట్లతో. ఇంజన్‌లో మసిని, తడిని నూనెలోనే పట్టి ఉంచడం వాటి పని. కంప్రెసర్‌లో మనకు కావలసింది దానికి వ్యతిరేకం, నీళ్లు వెంటనే విడిపోయి అడుగుకు చేరాలి. పైగా ఆ మందులు వేడి వాల్వుల మీద కాలి బూడిదగా మిగులుతాయి.

రెండు స్టేజీలున్నా ఒక్కో స్టేజీ చివర గాలి వేడి లెక్క ప్రకారం 140 డిగ్రీల దాకా పోతుంది. వాల్వ్ ప్లేట్ విప్పితే నల్ల బొగ్గు పెచ్చులుగా ఊడింది. అలా బొగ్గు పట్టిన వాల్వ్ సరిగా మూసుకోదు, వేడి గాలి వెనక్కి వచ్చి మళ్లీ నలుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. డెలివరీ పైపులో బొగ్గు, నూనె, వేడి గాలి మూడూ కలిస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఊక నిండిన మిల్లులో ఆ మాట తేలిగ్గా తీసుకోలేం. వాల్వులు శుభ్రం చేసి, డిన్ 51506 వీడీఎల్ (జర్మన్ ప్రమాణం) అని రాసి ఉన్న మినరల్ 100 పోయించాను. ఆ రాత ఉంటే అది 220 డిగ్రీల గాలి వేడి వరకు వాడదగ్గ కంప్రెసర్ ఆయిల్ అని అర్థం. ఇక్కడ సింథటిక్ అవసరం నాకు కనిపించలేదు. రోజుకు గంటో రెండు గంటలో నడిచే మిషన్ అది.

ఆగస్టులో నీళ్లు

పని పూర్తయింది అనుకున్న కేసు ఆగస్టులో మళ్లీ తెరుచుకుంది. సీజన్ లేదు, మిల్లు రోజుకు నాలుగు గంటలు నడుస్తోంది. సైట్ గ్లాస్‌లో ఆయిల్ మజ్జిగలా ఉందని ఫిట్టర్ ఫొటో పంపాడు.

వెళ్లి చూస్తే ప్యానెల్ మీద 62 డిగ్రీలు. చల్లగా నడుస్తోంది కదా మంచిదే అనుకుంటారు చాలామంది. లెక్క చూడండి. ఆ కంప్రెసర్ పూర్తి లోడ్ మీద గంటకు సుమారు 210 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. వానాకాలంలో 30 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న రోజు ఒక్కో ఘనపు మీటరులో 26 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. గంటకు 5 లీటర్ల పైమాటే. ఆ గాలిని 7 బార్‌కు నొక్కినప్పుడు ఆవిరి నీరుగా మారడం 68 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. ట్యాంక్ 85 దగ్గర ఉంటే అదంతా ఆవిరిగానే గాలితో బయటికి పోయి, ఆఫ్టర్ కూలర్‌లో, డ్రయ్యర్‌లో నీరవుతుంది. 62 దగ్గర ఉంటే కొంత నీరు ఆయిల్‌లోనే దిగుతుంది. ఎండాకాలంలో మనం భయపడేది వేడికి, వానాకాలంలో భయపడాల్సింది చల్లదనానికి.

మరి 62 ఎందుకు? లోడ్ తక్కువ అన్నది సగం కారణం. మిగతా సగం థర్మల్ వాల్వ్. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు దాన్ని కూలర్‌కు పంపకుండా పక్కదారిలో తిప్పడం దాని పని. పాత వార్నిష్ వల్ల అది తెరిచిన స్థితిలోనే బిగుసుకుపోయి, ఆయిల్ ఎప్పుడూ కూలర్ గుండానే పోతోంది. మేలో అంతా వేడిగా ఉన్నందున ఆ లోపం కనిపించలేదు. లోపలి ఎలిమెంట్ మార్చాం. వేడి 82కి వచ్చింది.

పోసిన ఆయిల్ సరైనదని నాకు ఆ రోజు గట్టిగా నమ్మకం కలిగింది. రాత్రంతా మిషన్ ఆపి ఉంచి, పొద్దున ప్రెజర్ లేదని చూసుకుని ట్యాంక్ డ్రెయిన్ కాక్ కొద్దిగా తెరిస్తే ముందు తేట నీళ్లు, ముప్పావు లీటరు దాకా, తర్వాత వెంటనే ఆయిల్ వచ్చింది. మధ్యలో మజ్జిగ లేదు. ఇంజన్ ఆయిల్ అయితే ఆ నీళ్లు విడిపోయేవి కావు, మొత్తం పారబోయాల్సి వచ్చేది. ఇప్పుడు వారానికోసారి, రాత్రి ఆగిన మిషన్‌ను పొద్దున స్టార్ట్ చేసే ముందు ఆ కాక్ తెరిచి చూడటం ఫిట్టర్ పని. సీజన్ లేనప్పుడు నాలుగు గంటల పనిని ముక్కలు ముక్కలుగా కాక ఒక్క విడతలో లోడ్ మీద నడపమన్నాను.

కంప్రెసర్ గదిలో ఇంకో రెండు మార్పులు చేశాం. కూలర్ నుంచి వచ్చే వేడి గాలి గదిలోనే తిరిగి మళ్లీ లోపలికి పోకుండా రేకు డక్ట్ కట్టి బయటికి పంపాం. గాలి పీల్చే వైపు తీసి కడుక్కునే జాలి ఫ్రేమ్ పెట్టాం. సీజన్‌లో అది రెండు రోజులకోసారి దులపాలి. ఓనరు లోడర్ బకెట్‌ను వర్క్‌షాప్ షెడ్‌కు మార్పించాడు. కంప్రెసర్ గదిలో ఇప్పుడు ఒకే రకం డబ్బా ఉంటుంది. ట్యాంక్ మీద ఎర్ర పెయింటుతో ఆయిల్ పూర్తి పేరు, రకం, పోసిన తేదీ, గంటల మీటర్ అంకె రాశాం. ఉత్త 46 అని రాయలేదు.

డిసెంబర్ చివర్లో, ఆయిల్ 2050 గంటలు నడిచాక శాంపిల్ పంపాం. చిక్కదనం 47.1, ఆమ్లత్వం 0.4, నీరు 120 పీపీఎం, జింక్ ఆనవాలు మాత్రమే. మరుసటి మేలో బయట ఎండ ఎంత ఉన్నా ప్యానెల్ 91 దాటలేదు. జూన్‌లో 3900 గంటల దగ్గర రెండో శాంపిల్: చిక్కదనం 48.0, ఆమ్లత్వం 0.7. టాప్-అప్ ఆ ఏడాది మొత్తం మీద లీటరున్నర. సార్టెక్స్ ఎజెక్టర్లు ఆయిల్ కోసం ఒక్కసారి కూడా విప్పలేదు.

4000 దగ్గర సెపరేటర్, ఫిల్టర్లు మార్చాం, స్కావెంజ్ పీస్ విప్పి సూదితో చూశాం, తేటగా ఉంది. ఆయిల్‌ను మాత్రం ఉంచాం. ప్రతి 1000 గంటలకు శాంపిల్ పంపుతూ 6000 దాకా నడపాలని ముగ్గురం ఒప్పుకున్నాం. వానలు మొదలయ్యాయి, అందుకే తర్వాతి శాంపిల్‌లో నీటి అంకెను ముందు చూస్తాను.